ప్రాక్స్‌మాక్స్‌లో వీఎం హఠాత్తుగా ఆగిపోతే: నా అనుభవం

విజయనగరంలో మా డయాగ్నస్టిక్ ల్యాబ్ బిల్లింగ్, రిపోర్టులు అన్నీ ఒకే ప్రాక్స్‌మాక్స్ సర్వర్ మీద నడుస్తాయి. ఒకే యంత్రంలో పలు వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. మొన్న సోమవారం పొద్దున్నే కౌంటర్ దగ్గర జనం బారులు తీరిన వేళ బిల్లింగ్ ఆగిపోయింది. ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీలో బిల్లింగ్ వీఎం మీద పసుపు త్రికోణం, పక్కన ‘ఐఓ-ఎర్రర్’ (డిస్క్‌లో చదవడం, రాయడంలో లోపం) అని ఉంది. ఒకటే టెన్షన్.

ముందురోజే పాత ఫైళ్లు తీసేసి ఆ వీఎంలో సగం డిస్క్ ఖాళీ చేశాం. అయినా హోస్ట్ (అసలు సర్వర్) షెల్‌లో ఎల్‌వీఎస్ (lvs) కమాండ్ కొడితే థిన్ పూల్, అంటే వీఎంలు వాడేకొద్దీ చోటు ఇచ్చే ఉమ్మడి నిల్వ, డేటా 100 శాతం చూపించింది. లోపల ఫైల్ చెరిపినంత మాత్రాన హోస్ట్‌కి ఆ చోటు తిరిగి రాదు. ఫలానా బ్లాకులు (డిస్క్‌లోని చిన్న ముక్కలు) ఇక అక్కర్లేదని వీఎం చెప్పాలి. అందుకు డిస్క్ సెట్టింగ్‌లో ‘డిస్కార్డ్’ టిక్ ఉండాలి, మా దాంట్లో లేదు. పైగా పాత స్నాప్‌షాట్లు (డిస్క్ ఒకప్పటి స్థితిని దాచి ఉంచేవి) ఆ బ్లాకుల్నే పట్టుకుని ఉన్నాయి.

ఇలాంటప్పుడు రీబూట్ జోలికి పోకండి, పూల్‌లో చోటు లేనిదే లాభం లేదు. బ్యాకప్ వేరే డిస్క్‌లో ఉందని చూసుకుని, ముందు పాత స్నాప్‌షాట్లు తీసేశాను. చోటు దొరికింది, రెజ్యూమ్ నొక్కగానే బిల్లింగ్ కదిలింది.

రాత్రి ల్యాబ్ మూశాక డిస్కార్డ్ టిక్ పెట్టి, వీఎంని పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను. లోపలి రీస్టార్ట్‌తో ఆ మార్పు అమలవదు. తర్వాత వీఎంలో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (fstrim, ఖాళీ బ్లాకుల సంగతి హోస్ట్‌కి చెప్పే కమాండ్) నడిపితే పూల్ 58 శాతానికి దిగింది.

ఎల్‌వీఎస్‌లో మెటా శాతం (ఏ బ్లాక్ ఎక్కడుందో రాసుకునే చోటు ఎంత నిండిందో) కూడా చూస్తూ ఉండండి. అది నిండితే పూల్ మొత్తానికే ముప్పు. రెండింట్లో ఏది 80 దాటినా నాకు మెయిల్ వచ్చేలా స్క్రిప్ట్ పెట్టాను.