సీటు సరిగ్గానే దిగింది, మరి నడుం ఎందుకు విరిగింది?

బెంగళూరులో హెలికాప్టర్ సీట్ల పని చేసినన్నాళ్లూ కుర్రాళ్లకు ఒకటే చెప్పేవాణ్ణి: పానాలు తీయకముందు వంగి, టార్చి వేసి సీటు కింద చూడండి. ఇప్పటికీ చాలామంది చూడరు.

సమస్య: హెలికాప్టర్ నేలకు గట్టిగా కొట్టుకుంది, సీటు దిగలేదు, పైలట్ వెన్ను దెబ్బతింది.
కారణం: సీటు కింద సామాను. దెబ్బ తగలగానే సీటు పట్టాల మీద కిందికి జారుతూ ఆ తాకిడిని మింగాలి. అమెరికా బ్లాక్ హాక్ హెలికాప్టర్ సీటును 14.5 జీ, అంటే భూమి ఆకర్షణకు పద్నాలుగున్నర రెట్ల తాకిడి, దగ్గర జారేలా తయారుచేశారు. కింద సంచో, నీళ్ల సీసానో అడ్డుపడితే సీటు మధ్యలో ఆగిపోతుంది, మిగతా దెబ్బంతా వెన్నుకే.
పరిష్కారం: తీసేయండి. ప్రతిసారీ.

సమస్య: సీటు పూర్తిగా దిగింది, కింద ఏమీ లేదు, అయినా నడుం పైభాగంలో ఎల్1 పూస చితికింది.
నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది ఇదే. సీటు జారేటప్పుడు తాకిడిని మింగే అబ్జార్బర్లు విప్పాను, పట్టాలు కొలిచాను, అన్నీ బాగున్నాయి. చివరికి సీటు కవరు ఎత్తితే అసలు కుషన్ కింద నాలుగు వేళ్ల మందాన మెత్తటి ఫోమ్ ముక్క. దానికి పూల దుప్పటి గుడ్డతో చక్కగా కుట్టిన గలీబు. ఆస్పత్రికి వెళ్లి అడిగితే, "వైబ్రేషన్‌కి నడుం పట్టేస్తోందని మా ఆవిడ కుట్టిచ్చిందయ్యా" అన్నారు పైలట్ సార్. నాకు నోట మాట రాలేదు.

మెత్తటి ఫోమ్ దెబ్బను ఆపదు. సీటు వేగం తగ్గుతున్నా, ఫోమ్ అణిగేదాకా మనిషి అదే వేగంతో పడుతూనే ఉంటాడు. అది పూర్తిగా అణగగానే కుషన్ కింద ఉండే గట్టి సీటు పళ్లానికి గుద్దుకుంటాడు. అప్పుడు సీటు మీద కంటే వెన్ను మీదే ఎక్కువ జీ పడుతుంది. అసలు కుషన్ పలుచగా ఉండేది అందుకే. దాని ఫోమ్ నెమ్మదిగా నొక్కితే దిగుతుంది, గుద్దితే గట్టిగా నిలబడుతుంది.

పరిష్కారం: కవరు ఎత్తి చూడండి. అదనపు ముక్క దొరికితే తీసేయండి, కానీ అంతటితో వదిలేయకండి. నొప్పి ఉన్నంతకాలం ఆయన ఇంకొకటి తెచ్చుకుంటారు. స్క్వాడ్రన్ డాక్టరుకు చెప్పించండి. మన ఊళ్లోనే ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉంది.

సమస్య: తల ప్యానెల్‌కు కొట్టుకుంది.
కారణం: వదులు బెల్టు. నడుం బెల్టు తుంటి ఎముక మీద బిగించి, భుజం పట్టీని ఒక్కసారి గట్టిగా లాగండి. పట్టీ చుట్టుకునే రీల్ అప్పుడు లాక్ కాకపోతే మార్చేయండి.

పట్టాలకు తుప్పు, వంగిన బ్రాకెట్ లాంటివి అరుదు. షెడ్యూల్ తనిఖీలో దొరికిపోతాయి, వాటితో మొదలుపెట్టకండి.