రోముకు ఒంటరి ప్రయాణం: ముందుగా చూసుకోవలసిన ఏర్పాట్లు

రోమ్ యాత్రకు చాలామంది ముందు విమానం టికెట్టు, తర్వాత హోటలు, చివరగా చూడవలసిన కట్టడాలు అనే వరుసలో ఏర్పాట్లు చేసుకుంటారు. ఒక్కరే వెళ్లేటప్పుడు ఈ వరుసను తిరగేయడం మేలు. అక్కడ ముఖ్యమైన కొన్ని చోట్ల తేదీ, గంట ముందే ఖరారు చేసుకుంటే తప్ప లోపలికి వెళ్లడం కష్టం. ఆ గంటలు తేలాకే ఎక్కడ బస చేయాలో, ఏ రోజు ఎటు నడవాలో తేలుతుంది.

వీసాతో మొదలుపెట్టాలి. ఇటలీ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసా చెల్లే ఐరోపా దేశాల కూటమిలోది కనుక భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా అవసరం. ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. అయితే వేసవి సెలవుల రద్దీలో అపాయింట్‌మెంటు దొరకడమే ఆలస్యమవుతుంది కాబట్టి చివరి గడువును నమ్ముకోకూడదు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా తప్పనిసరి. తిరిగి బయలుదేరే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలైనా పాస్‌పోర్టుకు గడువు ఉండాలి. ప్రాచీన రోమన్ల క్రీడారంగమైన కొలోసియం టికెట్లను దాదాపు 30 రోజుల ముందు అమ్మకానికి పెడతారు కనుక, ఆ సమయానికి వీసా చేతికి వచ్చేలా లెక్క వేసుకుంటే రెండు పనులూ ఒకదానికొకటి అడ్డుపడవు.

కొలోసియం టికెట్టు మీద సందర్శకుడి పేరు ఉంటుంది, ద్వారం దగ్గర గుర్తింపు పత్రం చూస్తారు. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక్కడ మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే పూర్తిగా నమోదు చేయాలి. అదే టికెట్టు మీద పక్కనున్న ప్రాచీన శిథిలాలు రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా చూడవచ్చు. ఎండలో, ఎగుడుదిగుడు దారుల్లో తిరగవలసిన చోట్లు కనుక ఈ మూడింటికీ కలిపి పూర్తిగా ఒక పూట వదిలేయాలి, వాటికన్ మ్యూజియంలను అదే రోజున ఇరికించకూడదు. బొర్గేసే గ్యాలరీ అనే కళా ప్రదర్శనశాలలోకి రెండేసి గంటల విడతలుగా మాత్రమే పంపుతారు. ముందస్తు బుకింగ్ లేకుండా వెళితే వెనక్కి తిరిగి రావడమే. ఒంటరి ప్రయాణికుడికి ఉన్న చిన్న వెసులుబాటు ఏమిటంటే, కుటుంబాలకు దొరకని గంటల్లో కూడా ఒక్క టికెట్టు మిగిలి కనిపించే అవకాశం ఉంటుంది.

వారంలో ఏ రోజు ఏది మూసి ఉంటుందో కాగితం మీద రాసుకుంటే సగం ప్రణాళిక అక్కడే తేలిపోతుంది. బొర్గేసేకు సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియంలు ఆదివారాలు మూసి ఉంటాయి, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు. ప్రభుత్వ మ్యూజియంలు, వాటితోపాటు కొలోసియం, నెలలో మొదటి ఆదివారం ఉచితం. ఈ రెండు ఉచిత ఆదివారాలనూ ఒంటరిగా వెళ్లేవారు వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం: ఇద్దరు ఉంటే ఒకరు వరుసలో నిలబడి మరొకరు నీళ్లకో మరుగుదొడ్డికో వెళ్లి రావచ్చు, ఒక్కరికి ఆ వీలు లేదు. పోప్ రోములో ఉన్నప్పుడు బుధవారం ఉదయం సాధారణంగా సెయింట్ పీటర్స్ చౌకులో భక్తులకు దర్శనమిస్తారు కాబట్టి, అక్కడి బసిలికా (పెద్ద చర్చి) చూడటానికి వేరే రోజు పెట్టుకోవాలి. బసిలికా ప్రవేశం ఉచితమే అయినా భద్రతా తనిఖీ ఉంటుంది, భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. గోపురం పైకి పూర్తిగా మెట్ల మీదే వెళ్లేవారు 551 మెట్లు ఎక్కాలి.

బస విషయానికి వస్తే, మెట్రోలోని ఎ, బి లైన్లు కలిసే టెర్మినీ స్టేషను పరిసరాలు రాకపోకలకు అనువైనవే కానీ రాత్రివేళ అంత ఆహ్లాదకరమైనవి కావు. మోంటి పేట నుంచి కొలోసియంకు నడిచి వెళ్లవచ్చు. ప్రాతి పేట వాటికన్‌కు దగ్గర, ప్రశాంతంగా కూడా ఉంటుంది. త్రాస్తేవేరే అందమైన పేటే, కానీ అక్కడ మెట్రో లేదు. పాత భవనాల పై అంతస్తుల్లో ఉండే చిన్న బసలకు లిఫ్టు ఉందో లేదో, రాత్రి పొద్దుపోయి చేరితే తలుపు తీసే మనిషి ఉంటారో లేదో బుక్ చేసే ముందే అడిగి తెలుసుకోవాలి. చేరగానే పాస్‌పోర్టు వివరాలు నమోదు చేసుకోవడం అక్కడి చట్టం, దానికి కంగారు పడనక్కర లేదు. రాత్రికి, మనిషికి ఇంత అని నగర పన్ను విడిగా వసూలు చేస్తారు.

ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి టెర్మినీకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు మధ్యలో ఆగకుండా 32 నిమిషాల్లో చేరుస్తుంది. టాక్సీలకు నగర ప్రాకారం లోపలి వరకు స్థిర ధర ఉంది కానీ, ఆ ఖర్చు పంచుకునే తోడు ఉన్నప్పుడే అది గిట్టుబాటవుతుంది. బస త్రాస్తేవేరేలో అయితే ఎఫ్ఎల్1 లోకల్ రైలు చౌక. అది టెర్మినీకి మాత్రం వెళ్లదు.

చక్రాల సూట్‌కేసు కొనేవారు చక్రం పరిమాణం చూసి కొనాలి. పాత నగరం వీధుల్లో పరిచిన సాంపియెత్రీని అనే నల్లరాతి దిమ్మెల మధ్య సందుల్లో చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి, లాగిన కొద్దీ పెట్టె పక్కకు ఒరుగుతుంది. వీపు సంచి అయితే ఈ బాధ ఉండదు. నీళ్ల సీసా ఒక్కటి చాలు. వీధుల్లో నసోనీ అనే ఇనుప కొళాయిలు రెండు వేలకు పైగా ఉన్నాయి, వాటిలో తాగునీరు ఎప్పుడూ ధారగా పారుతూనే ఉంటుంది. కొక్కెంలా వంగిన గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీరు ఎగజిమ్ముతుంది. సీసా లేకపోయినా వంగకుండా తాగవచ్చు.

జేబుదొంగల గురించి అతిగా భయపడనక్కర లేదు కానీ, టెర్మినీలోనూ, వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సులోనూ సంచిని ముందుకు తగిలించుకోవాలి. టికెట్టు యంత్రం దగ్గర సాయం చేస్తామని ముందుకొచ్చేవారికి మర్యాదగా వద్దని చెప్పడం మంచిది. బ్యాంకు కార్డులు రెండు ఉండాలి, రెండూ ఒకే పర్సులో ఉండకూడదు. పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఫోనులోనూ, ఇంటి దగ్గర ఒకరి చేతిలోనూ ఉంచాలి. అత్యవసర సహాయానికి 112 నంబరుకు ఫోను చేయాలి.

చివరి రోజు సామాను సంగతి ఒక్కరికి పెద్ద సమస్య, ఎందుకంటే కాపలా ఉండేవారు ఎవరూ ఉండరు. పెద్ద సంచులను, సూట్‌కేసులను కొలోసియంలోకి అనుమతించరు, దాచే ఏర్పాటు కూడా అక్కడ ఉండదు. గది ఖాళీ చేశాక సామాను సాయంత్రం దాకా ఉంచుకుంటారేమో బసలో ముందే కనుక్కోవాలి. కుదరకపోతే టెర్మినీలోని లగేజీ కేంద్రంలో పెట్టి, ఆ పూటకు గంట నియమం లేని వీధులు, చౌకులు మాత్రమే ఉంచుకోవాలి.