డైటింగ్‌లో కండలోని కొవ్వు తగ్గాలి, కండ కాదు: ఎలా చేయాలంటే

బరువు తగ్గడం అనగానే అందరి చూపూ పొట్ట మీదే ఉంటుంది. కానీ స్థూలకాయం ఉన్నవాళ్లకి కండల్లో కూడా కొవ్వు చేరుతుంది. కొంత కొవ్వు కండ పోగుల మధ్యన, మాంసం ముక్కలో తెల్లటి చారల్లా పేరుకుంటుంది, ఇంకొంత కండ కణాల లోపలే సన్నటి బిందువులుగా నిలవుంటుంది. మన గొడవంతా ఈ రెండో దానితోనే.

అలాగని ఆ బిందువులన్నీ చెడ్డవేం కాదు. రోజూ దూరాలు పరిగెత్తే అథ్లెట్ల కండల్లోనూ అవి దండిగానే ఉంటాయి, అయినా వాళ్లలో ఇన్సులిన్ (రక్తంలోని షుగర్‌ని కణాల్లోకి పంపే హార్మోన్) బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్ల కండ ఆ కొవ్వును ఖర్చుపెడుతూ మళ్లీ నింపుకుంటూ ఉంటుంది. కదలిక లేని కండలో ఆ ఖర్చు ఉండదు. అక్కడ డయాసిల్‌గ్లిజరాల్, సెరమైడ్ లాంటి కొవ్వు పదార్థాలు పోగుపడి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయని పరిశోధకులు చెబుతారు. కాబట్టి తినడం తగ్గించడం ఒక్కటే సరిపోదు, కండకి పని కూడా పెట్టాలి.

ముందు తిండి సంగతి. ఇప్పుడు ఒంటికి అవసరమైన దానికంటే రోజుకి 500 నుంచి 750 కేలరీలు తగ్గించండి, చాలు. 800 కేలరీలకి దిగే డైట్లు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా, కానీ అవి డాక్టర్ కనిపెట్టి ఉంటేనే. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. షుగర్‌కి ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ, లేదా బీపీ మందులు వాడుతున్నవాళ్లు డోసు మార్చే విషయం అడగకుండా మొదలుపెట్టొద్దు, షుగర్ ఒక్కసారిగా పడిపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

రెండు మూడు రోజులు పూర్తిగా కడుపు మాడ్చుకుంటే కండలోని కొవ్వు కరిగిపోతుందనుకోవడం మాత్రం భ్రమ. అలా మాడ్చినప్పుడు ఒంట్లో నిలవున్న కొవ్వు రక్తంలోకి వరదలా వస్తుంది, అందులో కొంత కండ కణాల్లోకే చేరి అక్కడి బిందువులు తాత్కాలికంగా పెరుగుతాయి కూడా. కాలేయంలోని కొవ్వు డైట్ మొదలెట్టిన కొద్ది రోజులకే తగ్గడం మొదలవుతుంది, కండ విషయంలో అంత తొందర పనికిరాదు. మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం తగ్గేదాకా నెలల తరబడి ఓపిక పట్టాలి.

వ్యాయామం లేకుండా తగ్గిన బరువులో ఇంచుమించు పావు వంతు కొవ్వు కాని భాగం, అందులో కండ కూడా ఉంటుంది. అది పోగొట్టుకోవడం ఎందుకు? వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి, దానికితోడు రెండు మూడు రోజులు బరువులో, రబ్బరు బ్యాండ్లో, గోడకి పుషప్‌లో, మీ ఇష్టం, కండకి కష్టం తెలిసే పని ఏదో ఒకటి చేయండి. ప్రోటీన్ కిలో బరువుకి రోజుకి 1.2 గ్రాముల దాకా ఉండాలి (బరువు మరీ ఎక్కువైతే, చేరాలనుకునే బరువు మీద లెక్కేసుకోండి, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ని అడగండి).

ఇంట్లో కొవ్వు శాతం చూపించే మెషిన్లు కండ కణాల్లో ఏముందో చెప్పలేవు. అది తెలియాలంటే ప్రత్యేకమైన ఎమ్మారై స్కానో, కండ ముక్క తీసి చేసే పరీక్షో కావాలి, అవి ఎక్కువగా పరిశోధనలకే వాడతారు, మనకి అనవసరం. పైగా వ్యాయామం బాగా చేసేవాళ్లలో ఆ కొవ్వు తగ్గకపోయినా, కాస్త పెరిగినా, ఇన్సులిన్ పనితీరు మెరుగవ్వొచ్చు. అందుకే నడుము కొలత, పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూసుకోండి.

ఇంకో తేలికైన పరీక్ష: చేతులు ఊతం పెట్టకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో నెలకోసారి లెక్కపెట్టుకోండి. బరువుతో పాటు ఆ లెక్క కూడా తగ్గుతోందంటే కండ పోతోందేమో అనుకోవాలి, వెంటనే తిండి కాస్త పెంచి, ప్రోటీన్ సరిచూసుకుని, బరువులెత్తే రోజు ఒకటి కలపండి.