ఎఫ్‌టీఏ వార్త వచ్చిన రోజు మన పంట సంగతి మనమే చూసుకోవడం ఎలా

2025 మే 30న ముడి పామాయిల్ మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, అంటే దిగుమతి సుంకం, 20 శాతం నుంచి 10కి దించారు, రెండ్రోజులకి మా చిన్నాన్న ఫోన్ చేసి "ఏరా, మళ్ళీ ఏదో దేశంతో ఒప్పందం కుదుర్చుకున్నారంట కదా, మన గెలల రేటు పడిపోయినట్టేనా" అన్నాడు. ఆయనకి అశ్వారావుపేట దగ్గర ఆయిల్ పామ్ తోట ఉంది. నిజానికి అది ఒప్పందం కాదు, ఢిల్లీలో ఇచ్చిన ఒక కస్టమ్స్ నోటిఫికేషన్. అయినా ఆయన అలా అనుకోవడంలో తప్పులేదు, ఎఫ్‌టీఏ (దేశాలు సుంకాలు తగ్గించుకునే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) అనగానే టీవీలో ఒకళ్ళు చరిత్ర సృష్టించాం అంటారు, ఇంకొకళ్ళు రైతుని అమ్మేశారు అంటారు, మన పంటకి ఎంత డ్యూటీ, ఏ ఏడు నుంచి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నేను ఎలా చూసుకుంటానో రాస్తున్నా.

ముందు విషయం ఏ దశలో ఉందో చూడండి. చర్చలు ముగిశాయి అనడం వేరు, సంతకం వేరు, అమలు వేరు. స్విట్జర్లాండ్, నార్వే ఉన్న యూరప్ దేశాల కూటమి ఎఫ్టాతో ఒప్పందం మీద 2024 మార్చి 10న సంతకాలయ్యాయి, అమల్లోకి వచ్చింది 2025 అక్టోబర్ 1న. సంతకం కాకముందు ఏదైనా మారొచ్చు. ఆర్‌సెప్ (చైనా, ఆస్ట్రేలియా లాంటి దేశాలతో కలిపి అనుకున్న పెద్ద వాణిజ్య ఒప్పందం) చూడండి, ఏళ్ళ తరబడి చర్చలు నడిచాక 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో మన దేశం బయటికొచ్చేసింది, ఎందుకంటే పాల సహకార సంఘాలు, రైతు సంఘాలు ముందు నుంచీ వదలకుండా పట్టుబట్టాయి.

తర్వాత మీ సరుకు హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ లెక్కల్లో దాని నంబర్, పట్టుకోండి, అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఒప్పందం పీడీఎఫ్‌లు వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి, వందల పేజీలు, అందులో చిల్లీ అని వెతికితే మిర్చి దొరకదు, ఎందుకంటే అక్కడ దాని పేరు "కాప్సికం జాతి కాయలు, ఎండినవి". గుంటూరు యార్డ్‌లో ఎవరన్నా మిర్చిని అలా పిలుస్తారా? అందుకే పేరుతో కాకుండా నంబర్‌తో వెతకండి. మిర్చి 0904, పసుపు 0910, రొయ్యలు 0306, దూది 5201, పామాయిల్ 1511. దాని కింద ఎనిమిది అంకెల లైన్ ఉంటుంది, మీకు కావాల్సింది ఆ లైనే.

ఇంకోటి, డ్యూటీ రేట్ల జాబితాలు, అంటే షెడ్యూళ్ళు, రెండుంటాయి. ఒకటి మనం వాళ్ళ సరుకు మీద ఎంత తగ్గిస్తామో, రెండోది వాళ్ళు మన సరుకు మీద ఎంత తగ్గిస్తారో. తొందరలో ఒకదానికి బదులు ఇంకోటి చదివేసి సంబరపడిపోవడమో బెంబేలెత్తిపోవడమో జరుగుతుంది, కాబట్టి పైన ఏ దేశం పేరుందో చూశాకే కిందికి దిగండి. లైన్ పక్కన బేస్ రేటు (తగ్గింపు మొదలయ్యే రేటు), ఆ పక్కన అది వెంటనే సున్నా అవుతుందా, ఐదేళ్ళకా, పదేళ్ళకా, లేక మినహాయింపు జాబితాలో (డ్యూటీ తగ్గించని సరుకుల్లో) ఉందా అన్నది ఉంటుంది. కొన్నిటికి కోటా, ఆస్ట్రేలియా ఒప్పందంలో అక్కడి నుంచి మనకొచ్చే దూదికి పెట్టినట్టు, ఏడాదికి 51,000 టన్నుల దాకా డ్యూటీ లేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఆగకండి. ఒప్పందంలో రాసింది పైకప్పు లాంటిది, దానికి పైన వెళ్ళలేరు, కిందికి మాత్రం ఎంతైనా రావొచ్చు. ఆసియాన్ (ఇండోనేషియా, మలేషియా లాంటి ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం మీద 2009 ఆగస్టులో సంతకం చేసినప్పుడు ముడి పామాయిల్ డ్యూటీని 80 శాతం నుంచి 2019 చివరికి 37.5కి తెస్తాం అన్నారు. మా చిన్నాన్న ఫోన్ చేసిన రోజు ఉన్న రేటు 10. అంటే ఆ రోజు గెలల ధరని తొక్కింది ఆసియాన్ కాదు, మన ఆర్థిక శాఖే. దూది సంగతీ అంతే, 51,000 టన్నుల కోటా మీద అంత చర్చ జరిగింది, 2025 ఆగస్టులో మాత్రం ఏ దేశం నుంచి వచ్చినా 11 శాతం డ్యూటీ లేదని చెప్పి డిసెంబర్ 31 దాకా ఎత్తేశారు, ఆదిలాబాద్ రైతు పత్తి తీసే రోజులు కూడా అందులోనే ఉన్నాయి. దీనికి ఏ దేశంతోనూ సంతకం అక్కర్లేదు. నాకు కోపం వచ్చేది కూడా ఇక్కడే, ఎఫ్‌టీఏ మీద అంత రచ్చ చేసే నాయకులు ఈ నోటిఫికేషన్ల దగ్గర అంత గట్టిగా నోరెత్తరు. అందుకని షెడ్యూల్‌తో పాటు ఈరోజు అమల్లో ఉన్న కస్టమ్స్ రేటు కూడా పక్కన పెట్టుకుని చూడండి.

సరుకు ఎక్కడ పుట్టిందన్న నిబంధనలు కూడా ఒకసారి చదవండి. వియత్నాం మిరియాలు శ్రీలంక మీదుగా, అక్కడి సరుకన్న పేరుతో తక్కువ డ్యూటీకి వస్తున్నాయని మన రైతులు మొత్తుకుంటే 2017 డిసెంబర్‌లో కిలోకి 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టాల్సొచ్చింది.

మనం అమ్మే వైపుకొస్తే రొయ్యలే మాట్లాడుకోవాలి. 2025 జూలై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందంలో రొయ్యల మీద 8.5 శాతం దాకా ఉన్న డ్యూటీ సున్నా అవుతుందని రాశారు, ఆ మరుసటి నెల 27న అమెరికా మన సరుకు మీద టారిఫ్ 50 శాతం చేసేసరికి భీమవరం చెరువుల దగ్గర అందరి చూపూ బ్రిటన్ వైపు తిరిగింది. కానీ డ్యూటీ సున్నా అయినంత మాత్రాన కంటైనర్ దిగిపోదు, యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే వెనక్కే. కాబట్టి టారిఫ్ పేజీలతో పాటు శానిటరీ నిబంధనల చాప్టర్ కూడా తీయండి.

చివరిగా, ఎవర్ని అడగాలి? రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో 14వ ఎంట్రీ, విదేశీ ఒప్పందాలు కేంద్రం జాబితాలో 14వ ఎంట్రీ. పంట రాష్ట్రానిది, సంతకం కేంద్రానిది, పైగా పార్లమెంట్‌లో ఓటింగ్ పెట్టి ఆమోదించాలన్న నియమం కూడా లేదు. ఆసియాన్ ఒప్పందం వద్దని కేరళలో 2009 అక్టోబర్ 2న కాసరగోడ్ నుంచి తిరువనంతపురం దాకా మానవహారం కట్టారు, కానీ సంతకం ఆగస్టులోనే అయిపోయింది, 2010 జనవరి 1న ఒప్పందం అమల్లోకి వచ్చేసింది. అడిగేదేదో చర్చలప్పుడే అడగాలి. వాణిజ్య శాఖకి, మీ ఎంపీకి, రాష్ట్ర వ్యవసాయ శాఖకి ఒకే ఉత్తరం రాయండి, రైతుని కాపాడండి అని కాకుండా ఫలానా కోడ్‌ని మినహాయింపులో పెట్టండి, కుదరకపోతే కోటా పెట్టండి, అదీ కాకపోతే పదేళ్ళ గడువివ్వండి అని వరసగా రాయండి.

ఆసియాన్ ఒప్పందం సమీక్ష చర్చలు 2024లో రౌండ్ల మీద రౌండ్లు జరిగాయి కదా, అప్పుడు చిన్నాన్న, ఆ ఊళ్ళో ఇంకో ఏడెనిమిది మంది తోటల వాళ్ళు కలిసి అలాంటిదే ఒకటి రాశారు. మొదటి లైన్‌లో 15111000 అని కోడ్ వేయించా, రెండో లైన్‌లో అప్పుడున్న డ్యూటీ, మూడో లైన్‌లో అది ఎంతకి తగ్గకూడదో.