రెండు గుంపులు కలిసే శాతాల లెక్కలు: జవాబు ఎక్కడ తప్పుతోంది?

ఈ లెక్క చూడండి. ఒక పరీక్షలో 40% మంది గణితంలో, 30% మంది ఇంగ్లిష్‌లో ఫెయిలయ్యారు. రెండింటిలోనూ ఫెయిలైనవారు 12%. రెండూ పాసైనవారు 210 మంది. పరీక్ష రాసినవారు ఎందరు?

సమస్య: 700 వచ్చింది.
40 + 30 = 70, మిగిలింది 30%, అది 210 కాబట్టి 700. శేషం లేకుండా తెగింది కనుక అనుమానం రాదు. ఆప్షన్లలో 700 కూడా ఉంటుంది, అదే ప్రమాదం.
కారణం: రెండూ తప్పిన ఆ 12% మంది గణితం 40లోనూ ఉన్నారు, ఇంగ్లిష్ 30లోనూ ఉన్నారు. రెండుసార్లు లెక్కకొచ్చారు.
పరిష్కారం: మొత్తం 100 మంది అనుకుని నాలుగు గళ్లు గీయండి. ముందు నింపాల్సింది ‘రెండూ’ గడి: 12. తర్వాత గణితం మాత్రమే 40 − 12 = 28, ఇంగ్లిష్ మాత్రమే 30 − 12 = 18. మూడూ కలిపితే 58, నాలుగో గడి అయిన ‘రెండూ పాస్’లో 42. 42% అంటే 210, 1% అంటే 5, మొత్తం 500.

సమస్య: ‘కనీసం ఒకదానిలో ఫెయిల్’ అడిగితే 46 వచ్చింది.
12ను రెండుసార్లు తీసేశారు. 28 + 18 = 46 అనేది ‘ఒక్కదానిలో మాత్రమే’ అన్న ప్రశ్నకు జవాబు. ఇక్కడ కావాల్సింది 58.

సమస్య: కూడితే 100 దాటింది.
అదే లెక్కను గణితం పాస్ 60%, ఇంగ్లిష్ పాస్ 70%, రెండూ ఫెయిల్ 12% అని తిప్పి ఇస్తారు. 60 + 70 − 12 = 118 అయిందంటే పాస్‌లోంచి ఫెయిల్‌ను తీసేశారన్నమాట. అన్నింటినీ ఫెయిల్‌లోకి మార్చాకే కూడండి.

సమస్య: పద్ధతి సరిగానే ఉంది, జవాబు కలవడం లేదు.
‘60% మంది టీ తాగుతారు, వారిలో 25% మంది కాఫీ కూడా తాగుతారు.’ ‘రెండూ’ గడిలో 25 వేస్తే తప్పు. 60లో 25%, అంటే 15 వేయాలి. ‘వారిలో’ అన్న మాట కింద గీత గీసుకోండి.

మూడు గుంపులైతే కనీసం ఒకదానిలో ఉన్నవారి కోసం విడివిడి శాతాలు కూడి, జంటగా కలిసినవి మూడూ తీసేసి, మూడింటిలోనూ ఉన్నవారిని మళ్లీ కూడాలి. ఎక్కువగా మరిచిపోయేది ఈ చివరి కూడికే.

జవాబు గుర్తించే ముందు ఒక్క చూపు: ‘రెండూ’ శాతం రెండింటిలో చిన్నదాన్ని మించకూడదు. రెండూ కూడితే 100 దాటుతుంటే, ఎంత దాటిందో కనీసం అంతైనా ఉండాలి. 80%, 70% ఇచ్చిన చోట ‘రెండూ’ 50 కంటే తక్కువ వస్తే గళ్లు మళ్లీ నింపండి.