ఇంగ్లండ్‌లో జీతం తీసుకుంటూ ఓడీపీ డిగ్రీ చేయాలంటే

ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే ఓడీపీల డిగ్రీ అప్రెంటిస్‌షిప్ గురించి విన్న మనవాళ్లు చాలామంది ముందు యూనివర్సిటీ వెబ్‌సైట్‌కి వెళ్తారు. కోర్సు వివరాలు కనిపిస్తాయి కానీ నేరుగా అప్లై చేసే దారి దొరకదు, దాంతో ఇది మనకు కాదులే అని వదిలేస్తారు. ఈ దారిలో మిమ్మల్ని ఎంచుకునేది ఆసుపత్రి. ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్ట్ (ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే సంస్థ) మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుని, జీతం ఇస్తూ, తనకు ఒప్పందం ఉన్న యూనివర్సిటీకి పంపుతుంది. ఫీజు మీరు కట్టక్కర్లేదు, స్టూడెంట్ లోన్ అక్కర్లేదు. దాదాపు మూడేళ్లకు బీఎస్సీ ఆనర్స్ చేతికొస్తుంది. అందుకే సీటు వెతికినట్టు కాకుండా ఉద్యోగం వెతికినట్టు వెతకండి.

ఓడీపీ అంటే ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీషనర్. మన దగ్గర అనస్థీషియా టెక్నీషియన్, ఓటీ టెక్నీషియన్, థియేటర్ సిస్టర్, రికవరీ గదిలో చూసుకునేవాళ్లు అని వేర్వేరుగా ఉండే పనులన్నీ ఇక్కడ ఒకే మనిషి నేర్చుకుంటారు. మత్తు ఇచ్చేటప్పుడు మత్తు డాక్టర్ పక్కన ఉండటం, సర్జరీలో స్క్రబ్ అవడం (చేతులు శుభ్రం చేసుకుని, స్టెరైల్ గౌను వేసుకుని సర్జన్‌కి పరికరాలు అందివ్వడం), పేషెంట్ మెలకువలోకి వచ్చేవరకు కనిపెట్టుకుని ఉండటం, ఈ మూడూ వచ్చి ఉండాలి. 2004 నుంచి ఈ వృత్తి హెచ్‌సీపీసీ (ఇలాంటి ఆరోగ్య వృత్తులను నియంత్రించే సంస్థ) కింద ఉంది, రిజిస్టర్‌లో లేనివాళ్లు ఆ పేరు వాడుకోవడం చట్టరీత్యా నేరం. ఒకప్పుడు డిప్లొమా సరిపోయేది, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు డిగ్రీయే.

వీసా సంగతి ముందే తేల్చుకోండి, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. నేను చెబుతున్నది ఇంగ్లండ్ పథకం గురించి, స్కాట్లాండ్, వేల్స్ పద్ధతులు వేరు. స్టూడెంట్ వీసా మీద అప్రెంటిస్‌షిప్ కుదరదు. స్టేబ్యాక్ (చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా) మీద ఉన్నవాళ్లకు గడువు కోర్సు కంటే తక్కువ కాబట్టి లెక్క కుదరదు. డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేసే హక్కు ఉండి, మూడేళ్లుగా ఇక్కడే నివాసం ఉంటున్నవాళ్లకు అవకాశం ఉంటుంది, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చినవాళ్లకు మరీ సులువు. అప్రెంటిస్‌షిప్ ఫీజుకు ఇచ్చే నిధుల నిబంధనలు ఏటా ఆగస్టులో కొత్తగా వస్తుంటాయి, కాబట్టి వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకుండా ట్రస్ట్‌లో అప్రెంటిస్‌షిప్ టీమ్‌కి మీ వీసా రకం, గడువు తేదీ, దేశంలోకి వచ్చిన తేదీ రాసి ఈమెయిల్ చేయండి. ఫోన్‌లో సరే అన్నా, జవాబు రాతలో తీసుకోండి.

చదువు విషయానికొస్తే, జీసీఎస్ఈ (ఇక్కడి టెన్త్ లాంటి పరీక్ష) ఇంగ్లిష్, మ్యాథ్స్ గ్రేడ్ 4 లేదా దానికి సమానమైనది, ఆ పైన లెవల్ 3 (ఇంటర్ స్థాయి చదువు) అడుగుతారు. మన టెన్త్, ఇంటర్, డిగ్రీ సర్టిఫికెట్లకు విదేశీ సర్టిఫికెట్లను పోల్చి చెప్పే యూకే ఎనిక్ నుంచి సమానత్వ పత్రం తెచ్చుకోవచ్చు. అయినా కొన్ని చోట్ల టెన్త్ ఇంగ్లిష్‌ని ఒప్పుకోరు, వాళ్లతో వాదించే బదులు దగ్గర్లోని కాలేజీలో ఫంక్షనల్ స్కిల్స్ లెవల్ 2 (జీసీఎస్ఈ బదులు ఒప్పుకునే పరీక్ష) రాసేయడం మేలని నా అభిప్రాయం. ఇప్పటికే బీటెక్కో బీకామో ఉంది కదా, ఇంకో డిగ్రీకి డబ్బిస్తారా అని భయపడకండి. కొత్తగా నేర్చుకునేది నిజంగా వేరే విద్య అయితే పాత డిగ్రీ అడ్డు రాదు. అదే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీఎస్సీ అనస్థీషియా, ఓటీ టెక్నాలజీ చేసి వచ్చినవాళ్లు మాత్రం మొదట హెచ్‌సీపీసీ అంతర్జాతీయ దరఖాస్తు దారి చూడండి. మీ సిలబస్, అనుభవం వాళ్ల ప్రమాణాలతో పోల్చి చూస్తారు, ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా రావాలి. సిలబస్‌లో స్క్రబ్, అనస్థీషియా, రికవరీ మూడూ ఎన్ని గంటలు చేశారో కాలేజీ నుంచి వివరంగా రాయించుకుంటే బలం.

ఇప్పుడు లోపలికి వెళ్లడం ఎలాగో చూద్దాం. నేరుగా అప్రెంటిస్‌గా బయటివాళ్లను తీసుకునే ట్రస్టులు ఉన్నాయి, కానీ చాలా ట్రస్టులు తమ సొంత థియేటర్ సిబ్బందిలోంచే ఎంచుకుంటాయి. అందుకే థియేటర్ సపోర్ట్ వర్కర్‌గానో, హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గానో బ్యాండ్ 2 లేదా 3లో (ఎన్‌హెచ్‌ఎస్ జీతాల్లో కింది మెట్లు) చేరడం అన్నిటికంటే గట్టి దారి. టేబుల్ సిద్ధం చేయడం, పేషెంట్‌ను సరిగ్గా పడుకోబెట్టడంలో సాయం, పరికరాలు అందివ్వడం, బల్లలు తుడవడం, ఇవన్నీ చిన్న పనులు అనుకోకండి, థియేటర్ ఎలా నడుస్తుందో కళ్లకు కట్టేది అక్కడే. ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్‌లోనూ, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైట్‌లోనూ అలర్ట్ పెట్టుకోండి. దరఖాస్తులు ఎక్కువ వస్తే చివరి తేదీకి ముందే మూసేస్తారు, కాబట్టి వారాంతం దాకా ఆగొద్దు. వార్డులో పనిచేస్తున్నవాళ్లైతే థియేటర్ మేనేజర్‌ని ఒకరోజు పని చూడనివ్వమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఆ ఒక్కరోజు చూసినదే మీ దరఖాస్తుకు ప్రాణం.

దరఖాస్తులో సపోర్టింగ్ స్టేట్‌మెంట్ ఉంటుంది. ప్రకటనతో పాటు ఇచ్చే పర్సన్ స్పెసిఫికేషన్‌లో ఒక్కో అర్హతను తీసుకుని, దానికి మీ జీవితంలోంచి ఒక్కో ఉదాహరణ రాయండి, ఎందుకంటే మార్కులు వేసేవాళ్లు ఆ పట్టిక ముందు పెట్టుకునే చదువుతారు. నేను కష్టపడతాను, సేవ చేయడం ఇష్టం అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టులో ఒకావిడ ఊపిరి తేడాగా ఉంటే మీరు ఏం గమనించారు, ఎవరికి చెప్పారు, ఏం రాసి పెట్టారు, అది రాయండి.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్నలు రెండు. నర్సింగ్ కాకుండా ఓడీపీయే ఎందుకు అనేది మొదటిది. రెండోది, మీకంటే పెద్ద హోదాలో ఉన్నవాళ్లు తప్పు చేస్తుంటే ఏం చేస్తారు అనేది. ఈ రెండో ప్రశ్న దగ్గర మనవాళ్లు తడబడటం నాకు బాధగా ఉంటుంది. డాక్టరుగారికి ఎదురు చెప్పకూడదు అనే మాట మనలో చిన్నప్పటి నుంచీ ఇంకిపోయింది. ఇక్కడి థియేటర్‌లో మాత్రం నోరు విప్పడం మీ డ్యూటీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్ ప్రకారం మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ బయటికి వెళ్లే ముందు మూడుసార్లు ఆగి, పేరు, ఆపరేషన్, ఏ వైపు, అలర్జీలు లాంటివాటిలో ఆ దశకు కావాల్సినవి బయటికి చదువుతారు. కుడి మోకాలి దగ్గర ఆపరేషన్ గుర్తు పెట్టి ఉంది, లిస్టులో ఎడమ అని ఉంది అనుకోండి, అది చూసింది మీరొక్కరే అయితే ఆపాల్సింది మీరే. సారీ సార్ అని నసగకుండా, ఆగండి, ఇక్కడ తేడా ఉంది అని గట్టిగా చెప్పడం ఇంట్లో అయినా ప్రాక్టీస్ చేయండి.

కౌంట్, అంటే ఆపరేషన్‌లో వాడే వస్తువుల లెక్క కూడా అంతే. స్వాబ్‌లు (రక్తం తుడిచే గుడ్డలు) ఐదేసి కట్టలుగా వస్తాయి, ప్రతిదాంట్లో ఎక్స్‌రేలో కనిపించే గీత ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఇద్దరు కలిసి పైకి లెక్కపెట్టి బోర్డు మీద రాస్తారు, లోపలి పొర మూసే ముందు మళ్లీ, చర్మం కుట్టేటప్పుడు మళ్లీ. ఒక్కటి తగ్గినా వెంటనే సర్జన్‌కి చెప్పాలి, కుట్టడం ఆపి వెతకాలి, దొరక్కపోతే ఎక్స్‌రే తీయాలి. లోపల వస్తువు మిగిలిపోవడాన్ని ఇక్కడ ఎప్పటికీ జరగకూడని సంఘటనల జాబితాలో పెట్టారు. సర్జన్ తొందరపెడుతున్నా లెక్క సగంలో వదలకండి. ఎవరైనా మధ్యలో పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి.

అనస్థీషియా వైపు రోజు మొదలయ్యేది మెషిన్ చెక్‌తో. సక్షన్ పనిచేస్తోందా, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా, లారింగోస్కోప్ (గొంతులోకి చూసే పరికరం) లైటు వెలుగుతోందా, రెండోది చేతికందేలా ఉందా, గొట్టం వేయడం కష్టమైతే వాడే ట్రాలీ ఎక్కడుంది, ఇవన్నీ పేషెంట్ రాకముందే చూసుకోవాలి. ఎప్పుడో అరుదుగా వచ్చేవాటికి కూడా సిద్ధంగా ఉండాలి. మాలిగ్నెంట్ హైపర్‌థర్మియానే తీసుకోండి, కొన్ని మత్తు వాయువులు, సక్సామెథోనియం (కండరాలను సడలించే మందు) పడనివాళ్లకు ఒళ్లు కాలిపోతూ కండరాలు బిగుసుకుపోతాయి. మందు డాంట్రోలీన్. పాత పద్ధతి సీసాలో 20 మిల్లీగ్రాములే ఉంటుంది, ఒక్కోదాన్ని 60 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లలో కలపాలి. కిలోకు 2.5 మిల్లీగ్రాముల లెక్కన 70 కిలోల మనిషికి మొదటి డోసుకే తొమ్మిది సీసాలు కావాలి, అవి తొందరగా కరగవు కూడా. అంటే చేతులు ఎక్కువ కావాలి, ఎవరు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. చేరిన మొదటి వారంలోనే ఆ సీసాలు ఎక్కడ పెడతారో కనుక్కోండి.

డబ్బు గురించి సిగ్గుపడకుండా అడగండి. అప్రెంటిస్ జీతం ట్రస్టును బట్టి మారుతుంది, కొందరు బ్యాండ్ 3 ఇస్తారు, కొందరు అనెక్స్ 21 అనే నిబంధన ప్రకారం పై బ్యాండ్ జీతంలో ఇంత శాతం అని లెక్కేస్తారు. ఇప్పుడున్న ఉద్యోగం కంటే తగ్గే అవకాశం ఉంది, ఇంటి అద్దె, పిల్లల నర్సరీ ఫీజు లెక్క వేసుకున్నాకే ఒప్పుకోండి. అర్హత వచ్చాక మొదలయ్యేది బ్యాండ్ 5, 2025-26లో అది ఏడాదికి 31,049 పౌండ్లు. కోర్సు అయ్యాక ఇన్నేళ్లు ఇక్కడే పనిచేయాలని కాంట్రాక్టులో షరతు ఉందేమో కూడా చూడండి. ఇంకోటి, ఇది బ్రిటన్ వ్యవస్థలో పుట్టిన వృత్తి. రేపు అమెరికా వెళ్లాలనో, ఇండియా తిరిగి వెళ్లిపోవాలనో గట్టిగా అనుకుంటున్నవాళ్లకు నర్సింగ్ ఎక్కువ ఉపయోగపడుతుంది.

చేరేముందు ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ చెక్ (నేర చరిత్ర తనిఖీ), హెపటైటిస్ బీ టీకా, రక్త పరీక్షలు ఉంటాయి. ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ అడిగినా అడగొచ్చు, దానికి టైం పడుతుంది. మోచేతి కింద గాజులు, వాచీ ఉండకూడదు. మంగళసూత్రం గురించి ఆ ట్రస్ట్ యూనిఫాం పాలసీ ఏం చెబుతోందో ముందే అడిగితే మొదటి రోజు టెన్షన్ ఉండదు. తిని వెళ్లండి, మొదట్లో కళ్లు తిరగడం మామూలే, అలా అనిపిస్తే స్టెరైల్ టేబుల్ నుంచి వెనక్కి జరిగి కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మూడేళ్లూ షిఫ్టులు, అసైన్‌మెంట్లు కలిసే నడుస్తాయి. చదువుకు కేటాయించిన గంటలు మీ పని గంటల్లో భాగం, స్టాఫ్ తక్కువ ఉన్నారని వాటిని పదేపదే లాగేసుకుంటుంటే యూనివర్సిటీ ట్యూటర్‌కి చెప్పండి, మూడు నెలలకోసారి జరిగే రివ్యూ మీటింగ్‌లో రాయించండి. పోర్ట్‌ఫోలియోలో సంతకాలు ఏ రోజువి ఆ రోజే తీసుకోండి. మెంటర్ ట్రస్ట్ మారిపోయాక ఆ సంతకం కోసం తిరగడం నరకం. అసైన్‌మెంట్లలో రిఫరెన్సులు రాసే పద్ధతి మొదటి సెమిస్టర్‌లోనే నేర్చుకోండి, యూనివర్సిటీ లైబ్రరీలో దానికోసమే మనుషులుంటారు.

చివర్లో ఎండ్ పాయింట్ అసెస్‌మెంట్ పాసై డిగ్రీ వచ్చాక హెచ్‌సీపీసీకి మీరే అప్లై చేసుకోవాలి. మీ పేరు ఆన్‌లైన్ రిజిస్టర్‌లో కనిపించేవరకు బ్యాడ్జ్ మీద గానీ లింక్డ్‌ఇన్‌లో గానీ ఓడీపీ అని పెట్టుకోకండి. రిజల్ట్స్ దగ్గరపడుతున్నప్పుడే ఫారం, గుర్తింపు పత్రాలు సిద్ధం చేసుకుంటే బ్యాండ్ 5 జీతం ఆలస్యం కాదు.