యూరియా బస్తాతో శాతం లెక్క నేర్పండి

పదో తరగతి పిల్లలకు మూలకం ద్రవ్యరాశి శాతం అనగానే టెన్షన్. ఇంట్లో యూరియా బస్తా ఉంటే దాని ముందే కూర్చోబెట్టి చెప్పండి, గంటలో పట్టుకుంటారు.

యూరియా అణువులో ఒక కార్బన్ (12), ఒక ఆక్సిజన్ (16), రెండు నైట్రోజన్లు (28), నాలుగు హైడ్రోజన్లు (4). మొత్తం 60. నైట్రోజన్ వాటా 28ని 60తో భాగించి 100తో గుణిస్తే 46.67. బస్తా మీద చూడండి, 46 శాతం నైట్రోజన్ అనే ఉంటుంది! తను వేసిన లెక్క బస్తా మీద కనబడితే పిల్లల ముఖం వెలిగిపోతుంది. 45 కిలోల బస్తాలో నైట్రోజన్ సుమారు 20.7 కిలోలన్నమాట.

ఎక్కువమంది తప్పేది ఒక్కచోటే. యూరియా ఫార్ములా CO(NH₂)₂లో బ్రాకెట్ బయట ఉన్న 2ను మరిచిపోయి నైట్రోజన్‌కు 14 మాత్రమే వేస్తారు. అందుకే మొత్తం 60 మీదే అన్ని మూలకాల శాతాలూ వేసి కూడించండి: కార్బన్ 20, ఆక్సిజన్ 26.67, నైట్రోజన్ 46.67, హైడ్రోజన్ 6.67. దాదాపు 100 రావాలి, రాకపోతే ఎక్కడో అణువు తప్పిపోయినట్టే.

డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువు దగ్గర మాత్రం జాగ్రత్త. బస్తా మీది 18-46లో 18 నైట్రోజన్ శాతం, 46 అంటే నేరుగా ఫాస్ఫరస్ కాదు, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపంలో చూపిన లెక్క. ఆ ఆక్సైడ్ ద్రవ్యరాశి 142, అందులో ఫాస్ఫరస్ 62. కాబట్టి 50 కిలోల బస్తాలో అసలు ఫాస్ఫరస్ 23 కిలోలు కాదు, 10 కిలోలే.